బల్ల మీద మూడు దెబ్బలు

ఆయన చేతులు ఎనుకకు విరిచి బేడీలు ఏసి కూసోబెట్టిండ్రు. ఆ గదిల అడుగు పెట్టంగనే నా కండ్లు పోయింది ఆడికే.

"మాట్లాడిపియ్యమని నన్ను పిలిచి, మనిషి నోరు కట్టేసిండ్రేంది బిడ్డా?" అన్న.

ఎస్సై సుభాషిణి గోడ గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. "నోరెవరు కట్టిండ్రు అవ్వా? ఆయనకు నోరే రాదు గద."

"ఆయన నోరు ముంగట లేదు బిడ్డా. ఎనుక ఉన్నది, బేడీల్ల."

ఆమె కానిస్టేబుల్‌ను పిలిచి తాళం తీపిచ్చింది. ఆయన రెండు చేతులు ముంగటికి తెచ్చుకొని, ఒళ్ళె పెట్టుకొని, పసిపిల్లల్ని చూసినట్టు చూసుకున్నడు. మణికట్లు కందిపోయినయి.

నేనెవరో చెప్పాలె గద. నా పేరు యాకమ్మ. హనుమకొండల చెవిటి పిల్లల బడిల ముప్పై ఒక్క ఏండ్లు అన్నం వండిన. నా చదువు రెండో తరగతి కాడనే ఆగింది గని, ఆ పిల్లల చేతులు చూసి చూసి సైగలన్ని పట్టుబడ్డయి. నా బిడ్డ దీప గూడ ఆ బడిలనే చదివింది. దానికి పుట్టుకతోనే వినరాదు. ఆరేండ్ల కింద విషజ్వరం వచ్చి పోయింది. అప్పటిసంది నా చేతులతోని మాట్లాడెటోళ్ళు లేరు. అంట్లు తోముతయి, బట్టలు పిండుతయి, అంతే. పొద్దుగాల బడోళ్ళ కాడ నా నంబరు తీసుకొని సుభాషిణి ఫోన్ జేసి "అవ్వా, సైగలు చెప్పాలె, వస్తవా?" అంటె, కేసేందో అడుగుడు గూడ మరిచిన. చేతులు సబ్బు పెట్టి కడుక్కొని, కొబ్బరినూనె రాసుకొని ఆటో ఎక్కిన.

కేసు ఇది. కొత్తవాడల ఒక మగ్గాల షెడ్డున్నది, జంపఖానాలు నేస్తరు. పెద్ద జంపఖానా ఒక్కనితోని కాదు. మగ్గం ముంగట పొడుగు బల్ల ఏసి ఇద్దరు పక్కపక్కన కూసోవాలె. ఎడమ దిక్కు సారంగపాణి, కుడి దిక్కు ఈ బేడీల మనిషి, కృపానందం, వినరానోడు. ఇద్దరూ అరవై దాటినోళ్ళు. ముప్పై మూడేండ్లు ఒకటే బల్ల. నిన్న, సోమవారం, సారంగపాణి మాయమైండు. షెడ్డుల నెత్తురు. పోగులు దగ్గరికి కొట్టే ఇనుప పంజా మీద నెత్తురు. కృపానందం అంగీ మీద నెత్తురు. నిన్న ఒంటిగంటకు పట్టుకొచ్చిండ్రు. ఇయ్యాల ఒంటిగంట లోపల జడ్జి ముంగట నిలబెట్టాలె, ఆడినుంచి జైలు. సారంగపాణి బతికుంటె ఆయనకూ టైం లేదు. షుగర్ మనిషి, రోజుకు రెండు సూదులు. నిన్న పొద్దుటిసంది సూది లేదు.

"బతికుంటె అనే మాటే లేదు," అనుకుంట ఇంకో ఎస్సై మహిపాల్ లోపలికొచ్చిండు. కేసు ఆయనది. చేతిల ఫైలు, ముఖంల తొందర. "మేడమ్, నిన్ననే అన్ని ఒప్పుకున్నడు. ఈయన సైగలు తెలిసినాయనను పక్కన కూసోబెట్టుకొనే రాసిన. పద్నాలుగు ప్రశ్నలు, పద్నాలుగు అవునులు."

"శవం యాడ ఏసిండట?" సుభాషిణి అడిగింది.

"చెరువుల ఏసినవా అంటె అవునన్నడు."

"ఏ చెరువు?"

"అది చెప్తలేడు."

"చెప్తలేడా? మీరడిగింది అందలేదా?"

మహిపాల్ ఫైలు బల్ల మీద ఏసిండు. "పదమూడేండ్ల సర్వీసు మేడమ్ నాది. ఎవడు నటిస్తాండో, ఎవడు నటిస్తలేడో నాకు తెలుసు."

నాకు జర తిక్కనే. ఊకోలేక పోయిన. "సారూ, నేను చెప్పినట్టు ఒక ప్రశ్న అడుగు. నిన్న అడిగినట్టే గట్టిగ అడుగు. మేడారంల సమ్మక్కను గద్దె మీదికి తెచ్చే పూజారివి నువ్వేనా అని అడుగు."

"ఏంది అవ్వా, నకరాలా?"

"అడుగు కొడుకా. ఏం పోతది?"

మహిపాల్ వేలు చూపెట్టుకుంట అరిచినట్టె అడిగిండు. కృపానందం భయం భయంగ ఆయన పెదవుల దిక్కు చూసిండు, వేలు దిక్కు చూసిండు. తల ఊపిండు. అవునని. ఒకసారి గాదు, మూడుసార్లు.

పాపం, ఆయన మెడల సిలువ దారం ఉన్నది. తలుపు కాడి కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయిండు.

"పదిహేను అవునులు," అన్నది సుభాషిణి.

"అరిచెటోని ముంగట తల ఊపుతె అరుపు ఆగుతదని చిన్నప్పుడే నేర్చుకుంటరు సారూ," అన్న. "నా బిడ్డ గూడ అట్లనే ఊపేది. దుకాణపోడు అరిచినా ఊపేది, బస్సు కండక్టర్ అరిచినా ఊపేది. అది అవును గాదు. నన్ను కొట్టకుండ్రి అని."

మహిపాల్ ఫైలు చేతికి తీసుకున్నడు, ఎవలో గుంజుకుంటరన్నట్టు.

సుభాషిణిని కిటికీ కాడినుంచి లేపిన. ఎలుగు ఆమె ఎనుక ఉన్నది, ముఖం ఆయనకు నల్లగ కనవడతది. ఎదురుంగ కూసోమన్న. నా దిక్కు గాదు, ఆయన దిక్కు చూసి అడుగమన్న. ఫ్యాన్ గాలికి ఎగిరే కాగితాలు తీపిచ్చిన, చూపు చెదురుతదని. అప్పుడు నా చేతులు లేపిన. ఆరేండ్ల తర్వాత! బడిల నేర్చుకున్న సైగల్ల మెల్లగ అడిగిన. నీ పేరేంది? నీ దోస్తు యాడ?

కృపానందం నా చేతులు చూసిండు. శానసేపు చూసిండు. మర్యాదగ తల ఊపిండు.

ఆ ఊపుడేందో నాకు ఎరుకనే. అబద్ధమాడవచ్చు, ఏదో చెప్పిండని చెప్పవచ్చు. గని ఆ ముఖం చూస్తె నోరు రాలే.

"బిడ్డా, నా సైగలు ఈయనకు రావు. ఈయనవి నాకు రావు."

మహిపాల్ నవ్విండు. "అయిపాయె! సైగలల్ల గూడ వేరే వేరే భాషలుంటయా అవ్వా?"

"ఉండవా మరి? బడికి పోయిన పిల్లల సైగలు వేరు. ఈయన బడి మొఖం చూడనోడు. ఈయన సైగలు ఈయనా, సారంగపాణీ ఆ బల్ల మీద కూసోని ముప్పై మూడేండ్లు కలిసి నేసుకున్నయి. అవి తెలిసినోడు లోకంల ఒక్కడే ఉన్నడు. ఆ ఒక్కణ్నే నువ్వు శవమంటానవ్."

సుభాషిణి పెన్ను మూత పెట్టింది. "హైదరాబాద్ నుంచి సైగలు చదివినాయనను ఫోన్ల చూపిస్తమన్నరు, అది గూడ మూడు గంటలకట. అప్పటికి ఈయన జైల్ల ఉంటడు. ఏం చేద్దామవ్వా?"

"మాట పుట్టిన కాడికి తీసుకపోదాం. మగ్గం కాడికి."

"ముద్దాయి నా కస్టడీల ఉన్నడు," అన్నడు మహిపాల్.

"సంతకం నేను పెడుత. ఏమన్నయితె నా ఉద్యోగం."

"అయితె బేడీలు నా ఇష్టం." మళ్ళ ఎనుకకే ఏసిండు.

ఠాణా వరండల ఒక కర్ర బల్ల ఉన్నది. దాని మీద సారంగపాణి భార్య భద్రమ్మ కూసున్నది. ఒళ్ళె బట్టసంచి, సంచిల ఐసుముక్కల నడుమ సూదిమందు డబ్బీ. "దొరకంగనే ఇయ్యాలె గదా" అని నిన్నటిసంది ఐసు మారుస్తాందట. పక్కన తెల్లంగి ఏసుకొని, చేతికి రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి నీళ్ళసీసా మూత తీసి ఆమెకు అందిస్తాండు. నేత సంఘం సెక్రటరీ రమాకాంత్ అని చెప్పిండ్రు. నిన్న పన్నెండున్నరకు షెడ్డుల కృపానందం పంజాతోని కొడుతాంటె చూసి, ఉరికొచ్చి ఠాణాల చెప్పింది ఆయనేనట.

కృపానందాన్ని ఆ బల్ల ముంగట నుంచి నడిపిస్తాంటె ఒక్కసారి ఆయన పెయ్యంత విసురుగ ఆ దిక్కు పోయింది. భుజంతోని ఇద్దరు కానిస్టేబుళ్ళను నూకిండు. గొంతుల నుంచి అదో తీరు చప్పుడు. భద్రమ్మ భయపడి లేచింది, రమాకాంత్ ఆమెకు అడ్డం నిలబడ్డడు.

"చూసిండ్రా? మొగణ్ని చంపి, ఇప్పుడు పెండ్లాం మీదికి పోతాండు!" అన్నడు మహిపాల్.

నాకూ అట్లనే అనిపిచ్చింది. అది నా తప్పు. చేతులు కట్టేసినోడు ఇంకెట్ల చెప్తడు?

మగ్గాల షెడ్డుకు పోయేవరకు పదింబావు. సుభాషిణి గడప కాడనే నిలబడి ముందుగాల అంత చూసింది. ఎడమ దిక్కు బల్ల ఎనుక నెత్తురు మరక. ఆడినుంచి ఎనుక తలుపు దాక ఈడ్చిన గీత. కిటికీ మీద రెండు చాయ గిలాసలు, నిండుగ. మీద మీగడ కట్టి గోధుమరంగు తిరిగింది.

"ఇవెవరు పెట్టిండ్రు?"

ఎదురుంగ చాయ డబ్బా నడిపే మల్లక్కను పిలిచిండ్రు. కొంగుతోని చేతులు తుడుచుకుంట వచ్చింది. "నేనే మేడమ్. రోజు తొమ్మిదిన్నరకు రెండు చాయ. నిన్న గూడ తెచ్చిన. లోపల ఇద్దరూ లేకుండె. యాడికో పోయిండ్రు, వస్తరు తీ అని పెట్టి పోయిన."

"నెత్తురు చూడలేదా?"

"కిటికీల నుంచే పెట్టిన మేడమ్. బల్లకు అడ్డమున్నది, కనవడలే."

"తొమ్మిదిన్నరనే అని ఎట్ల చెప్తవ్?"

"కాజీపేటకు పోయే పిల్లల బస్సు ఎల్లిపోయినంక నా రెండో పాల గిన్నె పొంగుతది మేడమ్. ముప్పై ఏండ్లసంది పొంగుతాంది."

సుభాషిణి మహిపాల్ దిక్కు తిరిగింది. "పన్నెండున్నరకు కొడుతాంటె చూసినమన్నరు. తొమ్మిదిన్నరకే షెడ్డు ఖాళీ."

"బయటికి పోయి మళ్ళ వచ్చి ఉంటరు. వచ్చి నేసిండ్రు. నేసుకుంట కొట్లాడిండ్రు."

"నేసిండ్రా? చూద్దాం." ఆమె జంపఖానా మీదికి వంగింది. అంచుకు ఒక తెల్ల దారం ముడేసి ఉన్నది. దానికి జానెడు కింద ఇంకోటి, ఇంకో జానెడు కింద ఇంకోటి. మల్లక్కనే చెప్పింది, పొద్దుగాల పని మొదలువెట్టంగనే ఆనాటి ముడి ఏస్తరట, దినం ఎంత నేసింది తెలువాలెనని. దినానికి జానెడు. పొద్దుగాల ఎనిమిదికి కూసుంటరు. సోమవారం ముడి మీద సుభాషిణి వేళ్ళు పెట్టి కొలిచింది. రెండు వేళ్ళు. అంతే.

"రెండు వేళ్ళంటె గంట పని. తొమ్మిదికి ఆగిపోయింది. ఎడమ సగం, కుడి సగం ఒకటే గీత మీద. ఆ తర్వాత ఎవ్వలూ ఒక్క పోగు ఏయలే. మీ సాక్షి పన్నెండున్నరకు ఏం చూసిండు మహిపాల్?"

మహిపాల్ బేడీల తాళం తీసిండు, ఎవ్వలూ అడుగకముందే.

కృపానందం తిన్నగ పోయి తన కుడి దిక్కు కూసున్నడు. పక్కన ఖాళీ. ఆ ఖాళీని చూసిండు, అరచేత్తోని తడిమిండు. నా దిక్కు తిరిగి అదే జాగను తట్టిండు. కూసో అని. ఎడమ దిక్కు తట్టితె సారంగపాణి. అదే ఆయన దోస్తు పేరు.

నేను కూసున్న. ఆయన పిడికిలితోని బల్లను కొట్టిండు. రెండు మెల్లగ, ఒకటి గట్టిగ. అరచేయి బల్లకు ఆనిచ్చి ఆగిండు. నాకు తెలువలే. నా చెయ్యి పట్టుకొని ఆయనే కొట్టిపిచ్చిండు. రెండు మెల్లగ, ఒకటి గట్టిగ. ఇగ సమజైంది. పొద్దుగాల పలకరింపు అది. నేనొచ్చిన, నువ్వొచ్చినవా? చెవులతోని గాదు, కర్రతోని వింటడు.

నేనే సొంతంగ మళ్ళొకసారి కొట్టిన. ఆయన ముఖం నవ్వింది. నవ్వు నవ్వుగనే ఉండి, కండ్లు కారినయి. కొట్టిన చెయ్యి ఆయన దోస్తుది గాదు గదా.

దీప నన్ను పిలువాల్నంటె నేల మీద మడిమె దన్నేది. ధన్ ధన్. నేను చూసేదాక దన్నేది. ఇప్పటికీ మా గల్లీల లారీ పోయి నేల అదిరితె, చేతిల గంటె ఇడిచిపెట్టి ఎనుకకు చూస్త. ఇంకేం చెప్పను, కేసు చెప్త.

ఆ బల్ల మీద ఆయన అన్ని చేసి చూపెట్టిండు. ఇద్దరం నేస్తాన్నం. బల్ల అదిరింది, ఎడమ దిక్కు బరువు ఒక్కసారి లేచింది. మలిగి చూసేవరకు దోస్తు కింద ఉన్నడు. ఎనుక ఒక మనిషి, చేతిల పంజా. ఇంకొకడు కాళ్ళు పట్టిండు. అంగీతోని నెత్తి అదిమిన, నెత్తురు ఆగలే. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసిన, లోపల కొట్టుకుంటాంది. బతికున్నడు. మోసుకపోయిండ్రు, ఎనుక తలుపు, బండి.

"ఎవరు?" అని సుభాషిణి ఎదురుంగ కూసోని, రెండు అరచేతులు తిప్పి అడిగింది. అరువలే.

ఆయన కుడి చేత్తోని ఎడమ మణికట్టు చుట్టూర చుట్టి చూపెట్టిండు. మళ్ళ చుట్టిండు.

"బేడీలా?" అన్నది సుభాషిణి. కాదని తల అడ్డం ఊపిండు. నిన్నటిసంది ఆయన కాదన్నది అదే మొదటిసారి. గాజులా? కాదు. గడియారమా? కాదు.

ఆగమాగం లేచి మూలకు పోయిండు. ఆడ కట్టలు కట్టిన జంపఖానాలున్నయి, ఒక్కోదానికి చేతితోని నేసిందని ముద్ర. సుభాషిణి ఒకటి తిప్పి చూసింది. అన్ని అంచులు ఒకే తీరు, గీసినట్టు. ఆయన రెండు పిడికిళ్ళు జోరుగ ఆడిచ్చి మిషన్ చూపెట్టిండు, ఛీ అన్నట్టు చెయ్యి దులిపిండు. ఎడమ దిక్కు తట్టి, ఫోన్ పట్టుకొని ఫోటోలు తీసినట్టు చేసిండు.

"మిషన్ సరుకుకు చేనేత ముద్ర ఏస్తాండ్రు," అన్నది సుభాషిణి మెల్లగ. "సారంగపాణి ఫోటోలు తీసిండు. రేపు చేనేత అధికారుల తనిఖీ అని ఈ గోడ మీద నోటీసున్నది. మహిపాల్, ఇది ఎవరి సరుకు?"

"సంఘం సరుకు," అన్నడు. ఆయన గొంతు తగ్గింది.

కృపానందం ఇంకా అయిపోలే. రెండు వేళ్ళు ఉరికినట్టు బల్ల మీద ఉరికిచ్చిండు. ఉరికి, ఉరికి, సుభాషిణి భుజం మీది నక్షత్రాల కాడ ఆపిండు. తన నెత్తురు అంగీ చూపెట్టిండు. నక్షత్రాలు చూపెట్టిండు. అరచేతులు ఖాళీగ తెరిచిండు.

నేను సుభాషిణి దిక్కు తిరిగిన. "బిడ్డా, నిన్న ఈయన మీ కాడికి ఉరికొచ్చిండట."

"అబద్ధం," అన్నడు మహిపాల్. గని ఆ మాటల బలం లేదు. "మా కాడికొస్తె తెలువదా?"

పదకొండూ పదికి ఠాణాల కెమెరా పెట్టె ముంగట నిలబడ్డం. సోమవారం, తొమ్మిదీ ముప్పై నాలుగు. తెర మీద కృపానందం వచ్చిండు, అంగీ నెత్తురుతోని. రిసెప్షన్ కాడి కానిస్టేబుల్ ముంగట చేతులు ఆడిస్తాండు. పొద్దుగాల చూస్తె పిచ్చోడు ఎగురుతాండనుకుంటుంటి. ఇప్పుడు ఒక్కొక్కటి చదివిన.

"ఎడమ దిక్కు మనిషి. ఎనుక నుంచి కొట్టిండ్రు. రొమ్ముల కొట్టుకుంటాంది, బతికున్నడు. మోసుకపోయిండ్రు. మణికట్టు మనిషి. మళ్ళ మొదటికొచ్చిండు బిడ్డా. ఎడమ దిక్కు మనిషి..."

పదహారు నిమిషాలు చెప్పిండు. అయిదుసార్లు మొత్తం చెప్పిండు. కానిస్టేబుల్ ఒక గిలాస నీళ్ళిచ్చి, దవాఖాన తొవ్వ చూపెట్టి, భుజం పట్టి బయటికి తోలిండు. తొమ్మిదీ యాభై.

మహిపాల్ కుర్చీల కూలబడ్డడు. "ఫిర్యాదు ఇయ్యవచ్చినోణ్నే..." అని ఆగిపోయిండు.

"నిన్న ఈయన సైగలు తెలుసని మీ పక్కన కూసున్నదెవరు మహిపాల్?" సుభాషిణి ఫైలు తెరిచింది. కాగితం కింద సంతకం చూసింది. "రమాకాంత్. సాక్షీ ఆయనే, మాట చెప్పిందీ ఆయనే."

"సంఘపోడు, ఎరుకున్నోడు... దొరికిండని కూసోబెట్టుకున్న."

నాకు చదువు లేదు గని, కంటికి కనవడ్డది మరిచిపోను. నీళ్ళసీసా మూత. మూత తిప్పిన చెయ్యి. "ఆయన ఎడమ మణికట్టుకు రుమాలు చుట్టుకున్నడు బిడ్డా. పొద్దుగాల చూసిన. కృపానందం దూకింది భద్రమ్మ మీదికి గాదు."

అందరం వరండలకు ఉరికినం. కర్ర బల్ల ఖాళీ. బట్టసంచి ఒక్కటే ఉన్నది, కిందికెళ్ళి ఐసు నీళ్ళు కారుతానయి.

"నెక్కొండ దవాఖానల ఎవరో ముసలాయన పడి ఉన్నడని ఫోనొచ్చిందట మేడమ్," అన్నడు కానిస్టేబుల్. "పదింటికి రమాకాంత్ సార్ కార్ల తోలుకపోయిండు. ఆగమాగంల సంచి మరిచినట్టున్నది."

"ఆ ఫోటోలు ఈమె కాడ ఉన్నయనుకొని తోలుకపోయిండు," అన్నది సుభాషిణి. ఆమె ఒక దిక్కు నెక్కొండ ఠాణాకు, మహిపాల్ ఒక దిక్కు టోల్ కాడికి ఫోన్లు. ఒకటే అరుపులు, జీపు చప్పుడు. ఆ గడబిడల కృపానందం మెల్లగ వచ్చి బల్ల మీద కూసున్నడు. కుడి కొసకు. ఎడమ అరచేయి అలవాటుగ ఖాళీ జాగల ఆనిచ్చిండు.

ఆయన ఒక్కసారి అదిరిపడ్డడు. సంచి దిక్కు చూసిండు. లోపల చెయ్యి పెట్టి భద్రమ్మ ఫోన్ తీసిండు. చప్పుడు బంద్ చేసిన ఫోన్, ఊకె వణుకుతాంది. చెవులున్నోళ్ళం ఇంతమందిమి ఉన్నం, వినరానోడే విన్నడు. తెర మీద సారంగపాణి ముఖం. నిన్నటిసంది బందున్న ఆయన ఫోన్ నుంచే వస్తాంది.

సుభాషిణి గుంజుకొని చెవికి పెట్టి, అందరికి వినవడేటట్టు చేసింది. "హలో? సారంగపాణి గారూ? హలో?"

మాట లేదు. నోట్ల గుడ్డ కుక్కినట్టు మూలుగు. దూరంగ రైలు కూత. ఆ తర్వాత, కర్ర మీదనో, ఇనుము మీదనో, వేలితోని.

టక్. టక్. ఠక్!

"రెండు మెల్లగ, ఒకటి గట్టిగ," అన్న. "బిడ్డా, ఆయనే. నోరు కట్టేసిండ్రు. ఈయన భాషల చెప్తాండు."

ఫోన్ల కొట్టినప్పుడల్ల నేను బల్ల మీద కొట్టిన, కృపానందం అరచేయి పక్కన. రెండు మెల్లగ, ఒకటి గట్టిగ. ఆయన నా చేతిని చూసిండు, ఫోన్‌ను చూసిండు. లేచి నిలబడబోయి, మళ్ళ కూసోని, రెండు అరచేతులు బల్లకు అదిమిండు.

అప్పుడే ఫోన్ల దగ్గరికొస్తాన్న అడుగులు. భద్రమ్మ గొంతు.

"రమాకాంత్ బిడ్డా, దవాఖాన అంటివి. ఇదేంది, తాళమేసిన గోదాముకు తోలుకొస్తివి?"

ఇనుప తలుపు ఈడ్చిన చప్పుడు. ఫోన్ కట్ అయింది.

"రైలుపట్టాల కాడి సంఘం గోదాము!" అనుకుంట సుభాషిణి అప్పటికే జీపెక్కింది. మహిపాల్ బేడీలు ఠాణా మెట్ల మీదనే ఇసిరేసి, ఉరికొచ్చి కృపానందం ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు. ముఖం ఎలుగులకు పెట్టిండు. ఎడమ దిక్కు ఖాళీ జాగను తట్టి, అరచేతులు తిప్పి, రా అని చెయ్యి చాపిండు.

కృపానందం ఆ చెయ్యి చూడలే. బల్ల మీద కొడుతాండు. రెండు మెల్లగ, ఒకటి గట్టిగ. కొట్టి, అరచేయి ఆనిచ్చి, జవాబు కోసం చూస్తాండు.